వాన పడ్డ మర్నాడు రోడ్డు మీద నడవండి

(గాలిమరల సైట్‌కి పోయే గ్రావెల్ రోడ్డుని ఎట్లా అంచనా కట్టాలి అనే విషయం మీద అనంతపురంలో సివిల్ విద్యార్థులు, సైట్ సూపర్‌వైజర్ల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతుందా? సరే.

నేను ముప్పై ఏళ్ళకి పైగా రోడ్ల పనిలో ఉన్నా, అందులో చివరి పన్నెండేళ్ళు ఈ గాలిమరల సైట్లకి, సోలార్ సైట్లకి పోయే లోపలి రోడ్లే చూసినా. మన ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప వైపు పోతే కనపడతాయి కదా, ఊళ్ళోవాళ్ళు ఫ్యాన్లు అంటారు. ఆ ఫ్యాన్ల గురించి అందరూ మాట్లాడతారు, ఎన్ని మెగావాట్లు, యూనిట్ ఎంత, గాలి ఎంత అని. దాని కిందికి పోయే దారి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, రిపోర్టులో ఒక పేజీ ఉంటుంది, అందులో కూడా సగం ఫోటోలే. ఆ ఒక పేజీ గురించి ఈరోజు మాట్లాడదామని వచ్చినా.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, ఎందుకంటే నేను నేర్చుకున్నది అక్కడే. ఒక సైట్, పేరు వద్దు, 7 కిలోమీటర్ల ప్రైవేటు గ్రావెల్ రోడ్డు, ఏప్రిల్ నెల. జీపులో పోయినాం, అద్దాలు ఎక్కించుకుని. ఎర్రగా నున్నగా ఉంది రోడ్డు, కొత్తగా రోలర్ తిప్పినారు, అలుకు జల్లిన వాకిలి మాదిరి ఉంది. ఎండ్ దాకా పోయి తిరిగొచ్చేసరికి 40 నిమిషాలు. రోడ్డు బాగుంది, బరువు వాహనాలు పోవచ్చు అని రాసి సంతకం పెట్టినా. అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది ట్రైలర్ మీద, అంతకు ముందు రెండు రాత్రులు వాన. మెయిన్ రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, వెనక యాక్సిల్స్ దిగబడిపోయినాయి. ఇంకో బండి పెట్టి లాగితే అదీ దిగబడింది. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు డ్రైవరు, క్లీనరు ట్రైలర్ కిందే పడుకున్నారు, పక్క ఊరోళ్ళు అన్నం తెచ్చి పెట్టినారు. అప్పుడు శెనక్కాయ పీకే టైం, ఊళ్ళో ట్రాక్టర్లు ఆ దారిలోనే పోవాలి, పోవడానికి లేదు, పీకిన కాయ చేలోనే తడిసింది. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, కోపంగా కూడా కాదు, మెల్లగా అన్నాడు, సార్ ఈడ రేగడి, వాన పడితే మేము ఎద్దుల్ని కూడా తోలము, మమ్మల్ని అడిగుంటే చెప్పేవాళ్ళం గదా అని.

నేను అడగలేదు. జీపు కూడా దిగలేదు ఆ చోట. పైన 15 సెంటీమీటర్లు ఎర్ర గ్రావెల్ పరిచినారు, దాని కింద నల్లరేగడి, పైనుంచి చూస్తే ఎట్లా తెలుస్తుంది.

అందుకే మీకు చెప్పేది ఒకటే, గ్రావెల్ రోడ్డుని చూడాలంటే వాన పడ్డ మర్నాడు చూడాలి, నడిచి చూడాలి, ఆ దారి పక్కన చేను ఉన్న మనిషిని వెంట పెట్టుకుని చూడాలి. మిగతా పరికరాలు, లెక్కలు అన్నీ ఆ తర్వాతే. మన వజ్రకరూరు, అవతల జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వాన పడగానే జనం చేలల్లో తలకాయ వంచుకుని నడుస్తుంటారు కదా వజ్రాల కోసం, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వానకి పైమట్టి కొట్టుకుపోతే కిందున్న రాయి బయటపడుతుందని వాళ్ళకి తెలుసు. రోడ్డుకీ అంతే, వాన పడితేనే దాని లోపల ఉన్నది బయటికి వస్తుంది. మీరు కూడా అట్లాగే తల వంచుకుని నడవండి.

నడిచేటప్పుడు ఏం చూడాలి. మొదటిది నీళ్ళు ఎక్కడ నిలబడినాయి. గ్రావెల్ రోడ్డుకి బండ్లకంటే నీళ్ళే పెద్ద శత్రువు. రోడ్డు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా ఉండాలి, క్యాంబర్ అంటాం, గ్రావెల్‌కి సుమారు 4 శాతం కావాలి, తారు రోడ్డుకంటే ఎక్కువ. 4 శాతం అంటే ఏంటో చాలామందికి కళ్ళకి కట్టదు, లెక్క వేసుకోండి, రోడ్డు 5 మీటర్ల వెడల్పు అనుకుంటే నడుమ నుంచి అంచుకి రెండున్నర మీటర్లు, అంటే అంచుకంటే నడుమ 10 సెంటీమీటర్లు ఎత్తుండాలి, నాలుగు అంగుళాలు. దీనికి పెద్ద సర్వే మిషన్ అక్కర్లేదు, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబ్ ఒకటి, దారం ఒకటి, టేపు ఒకటి, ఇద్దరు మనుషులు చాలు. ప్రతి 200 మీటర్లకి ఒకసారి కొలవండి. చాలా రోడ్ల మీద 10 కాదు కదా, 2 కూడా రాదు, కొన్ని చోట్ల నడుమే పల్లంగా ఉంటుంది, అంటే అది రోడ్డు కాదు, కాలవ. గ్రేడర్ డ్రైవరు బ్లేడు ఫ్లాట్‌గా పెట్టి తోలుకుంటూ పోతాడు, చూడ్డానికి నున్నగా ఉంటుంది, యజమాని సంతోషపడతాడు, ఆ నున్నదనమే రోడ్డుని చంపేస్తుంది.

తర్వాత సైడు కాలవలు. కాలవ ఉందా అనే కాదు, ఆ కాలవ నీళ్ళు చివరికి ఎక్కడికి పోతున్నాయి అని దాని వెంబడే నడవండి. నేను చూసిన ఒక చోట కాలవ చక్కగా తీసినారు, 400 మీటర్లు, చివరికి తీసుకెళ్ళి ఒక రైతు శెనక్కాయ చేలో వదిలేసినారు. రోడ్డు బాగానే ఉంది, ఆయన చేలో మాత్రం గండి పడింది. మీ రిపోర్టులో ఆ గండి కూడా రాయాలి. రోడ్డు అంచనా అంటే రోడ్డు ఒక్కటే కాదు, రోడ్డు కట్టినందుకు పక్కన ఏం మారింది అనేది కూడా.

వంకలు. మన జిల్లాలో వాన తక్కువ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, దాన్ని చూసి బయటినుంచి వచ్చిన డిజైన్ వాళ్ళు అనుకుంటారు ఇక్కడ నీళ్ళు ఎక్కడున్నాయి లే, 600 మిల్లీమీటర్ల పైపు ఒకటి వేస్తే చాలు అని. ఏడాదంతా పడాల్సింది నాలుగు రోజుల్లో పడుతుంది ఇక్కడ, అది వాళ్ళకి తెలియదు. 2021 నవంబర్ గుర్తుందా మీకు, మన కదిరి, అటు కడప వైపు ఎంత వచ్చింది, అన్నమయ్య డ్యాం కట్టే తెగిపోయింది. ఎండిపోయిన వంక అని చూసి మోసపోవద్దు. వంకలోకి దిగండి, పక్కన కంప చెట్లకి చెత్త, ఎండు గడ్డి, ప్లాస్టిక్ కవర్లు చిక్కుకుని ఉంటాయి, ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు పెట్టి కొలవండి. పోయినసారి నీళ్ళు అంత ఎత్తు వచ్చినాయన్నమాట, ఏ పుస్తకం చూడకుండానే మీకు వరద మట్టం తెలిసిపోతుంది. మీ పైపు దానికంటే కింద ఉందా పైన ఉందా చూసుకోండి. చిన్న పైపులో ఒక్క కంప కొమ్మ అడ్డం పడితే చాలు మూసుకుపోతుంది, మనిషి దూరి శుభ్రం చేయడానికి కుదరాలి అంటే 1000 మిల్లీమీటర్లు అయినా ఉండాలి. పైపు మీద మట్టి ఎంత మందం ఉంది, పైపు ఏ క్లాసు, తేలికపాటి ఎన్‌పి-2నా, బరువు మోసే ఎన్‌పి-4నా, ఇది కూడా అడగండి, ఎందుకంటే పొలానికి నీళ్ళు పోయే తేలికపాటి పైపు వేసి దాని మీద 100 టన్నుల బండిని పంపిస్తారు. వంక పెద్దదైతే పైపులు వద్దు, కాంక్రీటు కాజ్‌వే వేసి నీళ్ళని పైనుంచే పోనిచ్చేది మేలు, రెండు గంటలు దారి ఆగిపోతుంది, ఆగనీ, రెండు నెలలు ఆగడం కంటే నయం.

ఇప్పుడు మట్టి. గడ్డపార తీసుకెళ్ళండి, రోడ్డులో అడుగు చదరం గుంత తీయండి, పైన గ్రావెల్ ఎంత మందం ఉంది స్కేలు పెట్టి ఫోటో తీయండి. డ్రాయింగ్‌లో 25 సెంటీమీటర్లు ఉంటుంది, గుంతలో 12 వస్తుంది, నేను చాలాసార్లు చూసినా. ఆ గ్రావెల్‌ని ఒక గుప్పెడు తీసుకుని నీళ్ళ బాటిల్‌లో వేసి గట్టిగా ఊపి పక్కన పెట్టండి, ఇసుక నిమిషంలోనే కిందికి దిగుతుంది, బంక మట్టి ఉంటే గంటలు గడిచినా నీళ్ళు తేటపడవు. బంక అసలే లేకపోతే కూడా కష్టమే, రాళ్ళని పట్టుకునేది ఏదీ ఉండదు, ఎండాకాలం అంతా లేచిపోతుంది. కొంచెం ఉండాలి, ఎక్కువ ఉండకూడదు, పప్పులో ఉప్పు మాదిరి. ల్యాబ్‌కి పంపించడం పంపించండి, కానీ ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు మీ చేతికే సగం తెలియాలి.

కింద మట్టి బలం చూడ్డానికి డీసీపీ అని ఒక పరికరం ఉంది, మీలో కొంతమంది వాడే ఉంటారు. 8 కిలోల సుత్తి, 575 మిల్లీమీటర్ల ఎత్తునుంచి పడుతుంది, కింద 20 మిల్లీమీటర్ల కోను, ఒక్కో దెబ్బకి ఎంత దిగింది అని రాసుకుంటూ పోవడమే. దెబ్బకి 10 మిల్లీమీటర్లు దిగితే సీబీఆర్, అంటే మట్టి బలం చెప్పే నంబరు, 25 దాకా ఉన్నట్టు, భయం లేదు. దెబ్బకి 80 దిగింది అనుకోండి, 3 కూడా లేనట్టు. నానిన నల్లరేగడి చాలాచోట్ల ఆ 2, 3 దగ్గరే ఉంటుంది. ఇక్కడే మోసం ఉంది చూడండి, అదే రేగడి మే నెలలో కొడితే రాయి మాదిరి ఉంటుంది, సుత్తి ఎగిరిపడుతుంది. అందుకే ల్యాబ్‌లో సీబీఆర్‌కి నాలుగు రోజులు నానబెడతారు. ఏప్రిల్‌లో నేను పరికరం తీసుకెళ్ళి కొట్టుంటే కూడా ఆ రోజు మంచి నంబరే వచ్చేది, అది ఇంకా ప్రమాదం, నంబరు ఉంది కదా అని ఎవరూ అనుమానపడరు.

రేగడి అని తేలితే ఏం చేయాలి. దాని స్వభావం, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు ఇస్తుంది, రోడ్డు అంచు పొడుగునా చీలిక వచ్చిందంటే కింద రేగడి ఉన్నట్టే లెక్క. పైన ఇంకో 10 టిప్పర్లు గ్రావెల్ పోస్తే సరిపోతుంది అంటారు, సరిపోదు, గ్రావెల్ కిందికి దిగుతుంది, రేగడి పైకి వస్తుంది, రెండేళ్ళకి మీరు పోసింది ఎక్కడికి పోయిందో కనపడదు. ఒక అడుగు తవ్వి తీసేసి మంచి మట్టి వేయాలి, లేదా సున్నం కలిపి గట్టిపరచాలి, లేదా రెండూ కలవకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచాలి. ఏదైనా సరే ఆ బిట్ వరకే, మొత్తం 7 కిలోమీటర్లూ అక్కర్లేదు. ఆ బిట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అని కచ్చితంగా చెప్పడమే మన పని, డబ్బులు మిగిలేది అక్కడే.

బరువుల సంగతి. 2018లో మన దేశంలో యాక్సిల్ బరువు పెంచినారు, నాలుగు టైర్ల యాక్సిల్‌కి 10.2 టన్నులు ఉండేది 11.5 చేసినారు. చిన్న తేడా అనిపిస్తుంది. అమెరికాలో ఇల్లినాయ్‌లో 1958 నుంచి 60 దాకా లారీలు తిప్పి తిప్పి ఒక పెద్ద పరీక్ష చేసినారు, దాంట్లోంచి వచ్చిన లెక్క ఏంటంటే యాక్సిల్ బరువు రెండింతలు అయితే రోడ్డుకి జరిగే నష్టం రెండింతలు కాదు, 16 ఇంతలు. అది తారు, కాంక్రీటు రోడ్ల మీద చేసింది, గ్రావెల్‌కి అక్షరాలా వర్తించదు, కానీ లోడ్ ఎక్కువేసిన ఒక్క టిప్పర్ ఏం చేస్తుందో అర్థం కావడానికి ఈ లెక్క చాలు. కాబట్టి రోజుకి ఎన్ని బండ్లు అని అడగొద్దు, ఒక్కో యాక్సిల్ మీద ఎంత, వానాకాలంలోనా ఎండాకాలంలోనా అని అడగండి.

గాలిమర రెక్క 50, 60 మీటర్లు, ఇప్పుడొచ్చేవి ఇంకా పొడుగు. మలుపులో రోడ్డు వెడల్పు చాలదు, వెనక భాగం ఎక్కడ ఊగుతుంది, అక్కడ కరెంటు స్తంభం ఉందా, వేపచెట్టు ఉందా, గుడి అరుగు ఉందా అని చూడాలి. ఎత్తు దిగే చోట గూనిలాగా ఉంటే ట్రైలర్ పొట్ట తగిలి ఆగిపోతుంది. ఇవి ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి మనకంటే బాగా తెలుసు, వాళ్ళ సీనియర్ డ్రైవర్‌ని ఒకరిని వెంట తిప్పండి, నేనైతే వాళ్ళ మాటే ఫైనల్ అంటాను.

ఇంకో విషయం, ఇది ఎవరూ ఆలోచించరు. ఫ్యాన్లు నిలబెట్టేసినాక పదేళ్ళు ఆ రోడ్డు మీద బొలేరోలు, బైకులే తిరుగుతాయి. రోడ్డు పాడవుతున్నా తెలియదు, బైకు పోతుంది కదా. ఏదో ఒక రోజు గేర్‌బాక్స్ పోతుంది, అప్పుడు మళ్ళీ పెద్ద క్రేన్ రావాలి. మన దగ్గర గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా గట్టిగా వీస్తుంది, మిషన్ మీద ఒత్తిడి అప్పుడే, ఆ వెనకే సెప్టెంబర్, అక్టోబర్ వానలు. కరెక్టుగా రోడ్డు అవసరమయ్యే టైంకే రోడ్డు ఉండదు. ఇంకా ముఖ్యం, ఆ టవర్ మీద 80, 100 మీటర్ల ఎత్తున పిల్లలు పని చేస్తుంటారు, మీ వయసు పిల్లలే. అక్కడ ఎవరికైనా ఏమన్నా అయితే, పాము కరిస్తే, అంబులెన్స్ ఆ వంక దాటగలదా? నేను ఇప్పుడు ప్రతి రిపోర్టులో మొదటి పేజీలోనే రాస్తాను, వానలో సైట్ నుంచి ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు అని, ఎవరూ అడక్కపోయినా రాస్తాను.

మార్కులు వేసే పద్ధతులు ఉన్నాయి. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల మాన్యువల్ ఒకటి ఉంది 1995ది, తారు వేయని రోడ్లకి 100 మార్కులకి అంచనా, ఏడు రకాల జబ్బులు చూస్తారు: రోడ్డు ఆకారం చెడిపోవడం, పక్క కాలవలు సరిగా లేకపోవడం, రోడ్డు మీద అడ్డంగా అలలు రావడం, దుమ్ము, గుంతలు, చక్రాల గాడి, రాళ్ళు ఊడి వదులవడం. మన ఐఆర్‌సీ, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళది గ్రావెల్ రోడ్లకే ప్రత్యేకంగా ఎస్‌పి 77 అనే పుస్తకం ఉంది, 2008లో వచ్చింది, అది చదవండి. మార్కులు వేయండి, కాదనను, కానీ సగటు తీసి 72 వచ్చింది, రోడ్డు బాగుంది అని రాయొద్దు. 7 కిలోమీటర్లలో 50 మీటర్లు పోయినా రోడ్డు మొత్తం పోయినట్టే, చేద తాడు ఎక్కడ తెగినా చేద బావిలోనే కదా ఉండేది. అందుకే నేను సగటు రాయను, అన్నిటికంటే చెడ్డ మూడు చోట్లు రాస్తా, ఎక్కడున్నాయి, ఎందుకు చెడ్డాయి, ఎంత ఖర్చు అని.

ఖర్చు అంటే గుర్తొచ్చింది, గ్రావెల్ రోడ్డు అరిగిపోతుంది. తిరుగుడు ఉన్న రోడ్డు మీద ఏడాదికి ఒక 2 సెంటీమీటర్లు పోయిందనుకోండి, 5 మీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు, అంటే 100 క్యూబిక్ మీటర్లు. టిప్పర్ 10 పట్టుకుంటే 10 టిప్పర్లు, ప్రతి కిలోమీటరుకీ, ప్రతి ఏడాదీ. ఇది ఎక్కడికి పోయింది? సగం కాలవలో, సగం గాల్లో. గాల్లోకి పోయింది పక్కన పంట మీద, మల్బరీ ఆకు మీద పడుతుంది, దుమ్ము పట్టిన ఆకు పట్టుపురుగులకి వేయలేరు. బండ్లు 30 లోపు స్పీడ్‌లో పోతే దుమ్మూ తగ్గుతుంది, ఆ అలలు కూడా తగ్గుతాయి, స్పీడ్ పెరిగే కొద్దీ చక్రం ఎగిరి పడి ఎగిరి పడి ఆ అలలు పుడతాయి. బోర్డు పెడితే చాలదు, డ్రైవర్లతో మాట్లాడాలి. తీసుకొచ్చే గ్రావెల్ ఎక్కడిది అనేది కూడా చూడండి, గ్రావెల్ చిన్న తరహా ఖనిజం కింద వస్తుంది, మైన్స్ పర్మిట్ ఉండాలి, ఊరి చెరువు కట్ట పక్కనో గుట్ట పక్కనో రాత్రిపూట తవ్వుకొచ్చింది అయితే మీ రోడ్డు ఎంత బాగున్నా అది మంచి రోడ్డు కాదు.

చివరిగా, ప్రైవేటు రోడ్డు అనే మాట. గేటు పెట్టి బోర్డు పెడతారు. వీఆర్వో దగ్గరికి పోయి ఎఫ్ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం చూడండి, ఆ రోడ్డు మధ్యలో ఎక్కడో ఒక చోట పాత డొంక ఉంటుంది, బండ్ల బాట ఉంటుంది, అది ఊరిది. ఒక చేనికి పోవడానికి 20 ఏళ్ళుగా అడ్డు లేకుండా వాడుకుంటున్న దారి అయితే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం వాళ్ళకి హక్కు వచ్చుంటుంది. ఎవరి పట్టాలోంచి పోతుంది, లీజు ఎన్నేళ్ళు, గొర్రెలోళ్ళు ఎక్కడ దాటుతారు, ఇవన్నీ రోడ్డు మ్యాప్ మీద గుర్తు పెట్టండి. నేను లాయర్‌ని కాదు, హక్కు తేల్చడం మన పని కాదు, కానీ గేటు ఎవరి దారికి అడ్డం ఉందో చూసి రాయడం మన పనే.

ఎవరైనా ఏమన్నా అడుగుతారా? ఆ అమ్మాయి, మైక్ ఇవ్వండమ్మా.

(ప్రశ్న: సార్, వాన పడ్డ మర్నాడు చూడమన్నారు. మాకు రిపోర్టు మే నెలలో వారంలో ఇమ్మంటారు. అప్పుడెట్లా సార్?)

మంచి ప్రశ్న అమ్మా, చాలాసార్లు అట్లాగే అవుతుంది. వాన రాకపోతే నువ్వే వాన తేవాలి. అనుమానం ఉన్న రెండు మూడు చోట్లు ఎంచుకో, నెర్రెలు ఉన్న చోటు, రైతులు చెప్పిన చోటు, ఒక 5000 లీటర్ల ట్యాంకర్ పిలిపించు, పది మీటర్ల బిట్‌కి రెండు పక్కలా చిన్న గట్టు వేసి సాయంత్రం నీళ్ళు పెట్టు, రాత్రంతా నిలబడాలి. పొద్దున్నే పోయి డీసీపీ కొట్టు, ఆ తర్వాత లోడ్ ఉన్న టిప్పర్ ఒకటి మెల్లగా దాటించి గాడి ఎంత లోతు పడిందో కొలువు. నాలుగు రోజుల నానుడికి ఇది సమానం కాదు, అయినా ఉత్త చేతులకంటే ఎంతో నయం. పోయిన అక్టోబర్ శాటిలైట్ ఫోటోలు చూడు. ఇంకా రిపోర్టులో స్పష్టంగా రాయి, ఇది ఎండలో చూసిన రోడ్డు, వానాకాలంలో ఇంకోసారి చూసేదాకా బరువు బండ్లకి ఈ రిపోర్టు చెల్లదు అని. ఆ లైను తీసేయమంటారు, తీయొద్దు. ఆ రోజు నేను రాయని లైను అదే.

టైం అయిపోయింది. రేపు పొద్దున 6 గంటలకి గేటు దగ్గర బస్సు, ఉరవకొండ అవతల 4 కిలోమీటర్లు నడుస్తాం. నిన్న రాత్రి అక్కడ వాన పడిందంట. చెప్పులతో రావొద్దు, షూస్ వేసుకుని రండి, ఇద్దరికొక నీళ్ళ ట్యూబ్, టేపు తెచ్చుకోండి, గడ్డపారలు నేను తెస్తా.